గొలుసుకు కవరు: మారాల్సింది బట్టలా, సైకిలా?



ఈసారి చరిత్ర ఒక రేకు ముక్క గురించి. అది సైకిల్ గొలుసు మీద ఉండే కవరు. కొందరు చైన్ గార్డు అంటారు, కొందరు చైన్ కవరు అంటారు. బట్టలు గొలుసులో పడకుండా ఆపడం దాని పని. ఇంత చిన్న వస్తువుకు చరిత్ర ఏముంటుంది అని నేనూ అనుకున్నాను. చదివితే చాలా ఉంది.

తెలుగులో ఇద్దరి మధ్య సఖ్యత లేకపోతే "వాళ్లకు పడదు" అంటాం. బట్టకూ గొలుసుకూ కూడా పడదు. అలా పడనప్పుడు ఎవరు సర్దుకోవాలి? బట్ట వేసుకున్న మనిషా, సైకిల్ చేసిన కంపెనీయా? ఈ ప్రశ్న 1880ల్లో ఇంగ్లండులో మొదలైంది. ఇవాళ మస్కట్‌లో, మేము ఉండే దార్సైట్‌లో కూడా ఉంది.

కొత్తవాళ్లకు ఒక మాట. నేను మస్కట్‌లోనే పెరిగాను. బడిలో హిందీ, ఫ్రెంచ్ చదివాను. తెలుగు ఇంట్లో విన్నాను, రాయడం సొంతంగా నేర్చుకున్నాను. అందుకే వాక్యాలు చిన్నగా రాస్తాను. కష్టమైన మాటలకు అర్థాలు చివర పెట్టాను. చదివేటప్పుడు ఆగకండి, ముందుకు వెళ్లిపోండి.

గొలుసు ఎక్కడ పట్టుకుంటుంది?

ముందు యంత్రం సంగతి చూద్దాం. సైకిల్‌కు గొలుసు కుడివైపు ఉంటుంది. పెడళ్ల దగ్గర పెద్ద పళ్ల చక్రం ఉంటుంది, దాన్ని చైన్ వీల్ అంటారు. వెనక చక్రం మధ్యలో చిన్న పళ్ల చక్రం ఉంటుంది. అది ఫ్రీవీల్.

మనం తొక్కినప్పుడు గొలుసు పైవరుస వెనకనుంచి ముందుకు వస్తుంది. వచ్చి చైన్ వీల్ పళ్ల మీద కూర్చుంటుంది. ప్రమాదం సరిగ్గా అక్కడే ఉంది. గొలుసూ పళ్లూ కలిసే చోట ఏది ఉంటే అది లోపలికి పోతుంది. పంచె అంచు, ప్యాంటు కాలు, చీర కుచ్చిళ్లు, బూటు లేసు, ఏదైనా సరే.

దీనివల్ల నష్టాలు రెండు. చిన్న నష్టం నల్ల మరక. గొలుసు నూనెలో దుమ్ము, ఇనుప పొడి కలిసి ఉంటాయి కాబట్టి ఆ మరక మామూలుగా ఉతికితే పోదు. పెద్ద నష్టం పడిపోవడం. బట్ట లోపలికి పోతే పెడల్ బిగుసుకుంటుంది. కుడికాలు సైకిల్‌కు కట్టేసినట్టు అవుతుంది. ఆగుదామంటే కాలు నేల మీద పెట్టలేం. పక్కనే లారీ వస్తుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

బట్ట ఇరుక్కుంటే గట్టిగా లాగకండి, చిరుగుతుంది. సైకిల్ ఆపి, దిగలేకపోతే ఎవరినైనా పట్టుకోమని, పెడల్‌ను చేత్తో మెల్లగా వెనక్కి తిప్పండి. ఫ్రీవీల్ ఉన్న సైకిల్ అయితే గొలుసు కూడా వెనక్కి వస్తుంది. లోపలికి వెళ్లిన దారిలోనే బట్ట బయటికి వస్తుంది.

గొలుసు లేని రోజులు

మొదటి సైకిళ్లకు గొలుసే లేదు. 1817లో జర్మనీలో కార్ల్ డ్రైస్ రెండు చక్రాల బండి చేశాడు. దానికి పెడళ్లు కూడా లేవు. కాళ్లతో నేలను తన్నుకుంటూ పోవాలి. 1860ల్లో పారిస్‌లో ముందు చక్రానికే పెడళ్లు పెట్టారు. 1870ల్లో ఆ ముందు చక్రం పెరిగి పెరిగి మనిషి ఛాతీ ఎత్తుకు వచ్చింది. పెద్ద చక్రం అయితే ఒక్క తొక్కుకు ఎక్కువ దూరం పోవచ్చు. అందుకే అంత ఎత్తు.

ఆ ఎత్తు సైకిల్ మీద గొలుసు మరక భయం లేదు. కానీ అక్కడినుంచి పడితే తలకిందులుగా పడాలి. పొడవైన గౌను వేసుకున్న ఆడవాళ్లు దాన్ని ఎక్కడమే కష్టం. వాళ్లకోసం మూడు చక్రాల బళ్లు వచ్చాయి. 1881లో విక్టోరియా రాణి కూడా జేమ్స్ స్టార్లీ కంపెనీ మూడు చక్రాల బళ్లు తెప్పించుకుంది.

తర్వాత రెండు మార్పులు వెంటవెంటనే వచ్చాయి. 1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ అనే ఇంజనీరు కొత్త రకం గొలుసు చేశాడు. అందులో ప్రతి లంకెకూ తిరిగే చిన్న గొట్టం ఉంటుంది కాబట్టి అరుగుదల తక్కువ. ఇవాళ మన సైకిల్ గొలుసు కూడా ఆ వంశానిదే. 1885లో కోవెంట్రీ ఊళ్లో జాన్ కెంప్ స్టార్లీ "రోవర్" అనే సైకిల్ చేశాడు. ఇతను పైన చెప్పిన జేమ్స్ స్టార్లీకి అన్న కొడుకో తమ్ముడి కొడుకో అవుతాడు. రోవర్‌కు రెండు చక్రాలూ దాదాపు సమానం, పెడళ్లు మధ్యలో, గొలుసు వెనక చక్రానికి. ఇప్పటి సైకిల్ రూపం ఇదే. దీన్ని "సేఫ్టీ సైకిల్" అన్నారు. పడితే తక్కువ ఎత్తునుంచే పడతారు కాబట్టి ఆ పేరు.

కానీ ఆ సేఫ్టీ సైకిలే గొలుసును తెచ్చి కుడికాలి పక్కన పెట్టింది. ఇంకో సంగతి. అప్పటి సైకిళ్లలో ఎక్కువవాటికి ఫ్రీవీల్ లేదు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరుగుతూనే ఉంటాయి. బట్ట చిక్కుకుందని తొక్కడం ఆపినా గొలుసు ఆగదు, ఇంకా లోపలికి లాగుతుంది. అందుకే 1890ల్లో ఈ భయం ఇవాళ్టికంటే చాలా పెద్దది.

బట్టలు మార్చుకున్నవాళ్లు

1890ల ఇంగ్లండులో ఆడవాళ్ల గౌను నేలను తాకేది. లోపల ఇంకా రెండు మూడు లంగాలు. వాటితో సైకిల్ ఎక్కితే గొలుసు ఒకవైపు, చక్రం చువ్వలు ఇంకోవైపు. కొందరు ఆడవాళ్లు బట్టలే మారుద్దాం అన్నారు. లండన్‌లో 1881లోనే రేషనల్ డ్రెస్ సొసైటీ అనే సంఘం మొదలైంది. ఒంటికి హాని చేసే, కదలనివ్వని బట్టలు వద్దు అని వాళ్ల మాట. సైకిల్ వచ్చాక ఆ మాటకు బలం పెరిగింది. మోకాలి కింద బిగించే వదులు పైజామా లాంటిది వేసుకుని తొక్కడం మొదలుపెట్టారు.

ఊరు ఊరుకోలేదు. (ఇలాంటి వాక్యం రాయగలిగినప్పుడు తెలుగు నేర్చుకున్నందుకు సంతోషంగా ఉంటుంది.) ఆ సంఘం నాయకురాలు లేడీ హార్బర్టన్ 1898లో సరే అనే జిల్లాలో సైకిల్ మీద వెళ్తూ హాట్‌బాయ్ అనే హోటల్‌లో ఆగింది. ఆమె వేసుకున్న బట్టలు చూసి హోటల్ యజమానురాలు కాఫీ గదిలో కూర్చోనివ్వలేదు. మగవాళ్లు తాగే బార్ పక్క గదిలో కూర్చోమంది. సైకిల్ తొక్కేవాళ్ల సంఘం 1899లో హోటల్ మీద కేసు నడిపింది. ఓడిపోయింది.

అంటే బట్ట మార్చుకోవడం తేలిక కాదు. గొలుసు నుంచి తప్పించుకోవచ్చు గానీ మనుషుల నుంచి తప్పించుకోవడం కష్టం.

ఈ రెండు ఇబ్బందులూ తెలిసిన ఒక దర్జీ ఆవిడ మధ్యదారి కనిపెట్టింది. ఆమె పేరు ఆలిస్ బైగ్రేవ్, లండన్‌లో బ్రిక్స్‌టన్ ఆమె ఊరు. 1895లో ఆమె ఒక గౌనుకు పేటెంట్ తీసుకుంది. కుట్లలో దాచిన తాళ్లు, చిన్న కప్పీలు ఉంటాయి. తాడు లాగితే గౌను ముందూ వెనకా పైకి లేస్తుంది. సైకిల్ దిగాక వదిలితే మళ్లీ మామూలు గౌను. ఊళ్లోకి వెళ్లేటప్పుడు ఎవరికీ తెలియదు. బావిలో చేద తోడే కప్పీ లాంటిదే, గౌనులో ఉంది.

సైకిల్‌ను మార్చినవాళ్లు

ఇంకో గుంపు సైకిలే మారుద్దాం అంది. వీళ్లు మూడు పనులు చేశారు.

మొదటిది, పైకడ్డీ తీసేశారు. మగవాళ్ల సైకిల్‌కు సీటు నుంచి హ్యాండిల్ దాకా అడ్డంగా కడ్డీ ఉంటుంది. 1880ల చివరికి ఆ కడ్డీని కిందికి వంచిన సైకిళ్లు వచ్చాయి. కాలు పైకెత్తకుండానే ఎక్కవచ్చు. మన "లేడీస్ సైకిల్" అక్కడినుంచి వచ్చింది.

రెండోది, చక్రానికి వల. వెనక మడ్‌గార్డు అంచున వరుసగా చిల్లులు పెట్టి, అక్కడినుంచి చక్రం ఇరుసు దాకా దారాలు లాగి కట్టారు. చూడటానికి వీణ తీగల్లా ఉంటాయి. గౌను చువ్వల్లోకి పోకుండా అది ఆపుతుంది.

మూడోది మన కథానాయకుడు, గొలుసు కవరు. మొదట్లో కొన్ని తోలుతో, కొన్ని రేకుతో, కొన్ని లోపల గొలుసు కనిపించేలా సెల్యులాయిడ్‌తో చేశారు. హారిసన్ కార్టర్ అనే ఆయన గొలుసును పూర్తిగా మూసి అడుగున కొంచెం నూనె ఉండే పెట్టె చేశాడు. గొలుసు తిరుగుతూ తిరుగుతూ తనే నూనెలో మునిగి వస్తుంది. వుల్వర్‌హాంప్టన్ ఊళ్లో జాన్ మార్‌స్టన్ ఆ ఆలోచనకు పేరు తెచ్చాడు. ఆయన మొదట రేకు సామాన్లకు నల్ల వార్నిష్ వేసే వ్యాపారి. 1887లో "సన్‌బీమ్" సైకిళ్లు మొదలుపెట్టాడు. ఆయన సైకిల్ కవరు పేరు "లిటిల్ ఆయిల్ బాత్", అంటే నూనె స్నానం అన్నమాట. మనం దీపావళికి చేసే తలంటు గుర్తుకొచ్చింది.

ఒకే పెట్టెతో రెండు పనులు జరిగాయి. బట్ట లోపలికి పోదు, బురద కూడా లోపలికి పోదు. గౌను వేసుకున్నవాళ్లకు మొదటిది ముఖ్యం. ప్యాంటు వేసుకున్నవాళ్లకు రెండోది ముఖ్యం, గొలుసు ఏళ్ల తరబడి అరగదు. కానీ బరువు పెరిగింది, ధర పెరిగింది. వెనక చక్రం పంక్చర్ అయితే పెట్టె విప్పాలి. ఈ మూడు ఫిర్యాదులూ ఇవాళ్టికీ అవే.

కొందరు గొలుసునే తీసేద్దాం అనుకున్నారు. అమెరికాలో కొలంబియా కంపెనీ 1890ల చివర్లో గొలుసు బదులు ఇనుప కడ్డీ, పళ్ల చక్రాలతో నడిచే సైకిల్ అమ్మింది. బట్టకు మంచిదే, జేబుకు మంచిది కాదు. అది నిలబడలేదు.

నెదర్లాండ్స్‌లో మాత్రం గొలుసు పెట్టె, చక్రానికి అడ్డు రెండూ మామూలు సైకిల్‌లో భాగం అయిపోయాయి. అక్కడ సైకిల్ ఆటవస్తువు కాదు. ఆఫీసుకూ, బజారుకూ, పెళ్లికీ వేసుకున్న బట్టలతోనే వెళ్తారు. జపాన్‌లో అమ్మలు పిల్లల్ని ఎక్కించుకుని వెళ్లే "మామాచారి" సైకిల్ కూడా అంతే. సైకిల్ రోజూ వాడే దేశాల్లో కవరు బతికింది.

పంచె, లుంగీ, కుచ్చిళ్లు

ఇప్పుడు మన వైపు. భారతదేశానికి మొదట ఇంగ్లండు సైకిళ్లు వచ్చాయి. రాలీ, హెర్క్యులస్, బీఎస్ఏ, హంబర్. స్వాతంత్య్రం వచ్చాక దేశంలోనే ఫ్యాక్టరీలు పెరిగాయి. మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్ 1949లో మొదలైంది. బెంగాల్‌లో ఆసన్‌సోల్ దగ్గర సెన్-రాలీ వచ్చింది. సోనేపట్‌లో అట్లాస్ 1951లో, లుధియానాలో హీరో 1956లో మొదలయ్యాయి. అందరూ దాదాపు ఒకే రూపం చేశారు. నల్ల రంగు, నిటారు హ్యాండిల్, పెద్ద చక్రాలు, కడ్డీ బ్రేకులు. గొలుసు మీద సగం కవరు గానీ పూర్తి కవరు గానీ.

ఆ సైకిల్ ఎక్కిన తెలుగువాళ్లు ఏం కట్టుకున్నారు? చాలామంది పంచె. పొలానికైతే లుంగీ. ఇంగ్లండు గౌనుకు చేసిన కవరు కోనసీమ పంచెకు పనికొచ్చింది. లండన్‌లో అది ఆడవాళ్ల వస్తువు. మన ఊళ్లలో మగవాళ్లకే మొదట కావలసి వచ్చింది, ఎందుకంటే మొదట తొక్కింది వాళ్లే.

మా తాతయ్య అమలాపురం వైపు బడి పంతులు. కాలవగట్టు మీద రోజూ సైకిల్ మీద బడికి వెళ్లేవారట. తెల్ల పంచె, నల్ల సైకిల్. దానికి పూర్తి కవరు ఉండేది. అయినా ఎక్కేముందు పంచె కుడి అంచు తీసి నడుము దగ్గర దోపుకునేవారని అమ్మ చెప్పింది. "కవరు ఉంది కదా నాన్నా, ఎందుకు?" అంటే, "రేకును నమ్మొచ్చు గానీ మేకును నమ్మకూడదమ్మా" అనేవారట. కవరును పట్టి ఉంచే మేకు ఊడితే రేకు వదులవుతుంది, గలగలా చప్పుడు చేస్తుంది, చివరికి అదే పంచెను చింపుతుంది. సరిగా బిగించని కవరు, కవరు లేకపోవడం కంటే చెడ్డది.

ఇక్కడ నాకు నచ్చిన విషయం మాటల్లో ఉంది. తెలుగులో బట్టను దారిలోనుంచి తప్పించడానికి ఎన్ని క్రియలున్నాయో చూడండి. పంచె ఎగ్గట్టడం. లుంగీ మడిచి కట్టడం. కొంగు దోపుకోవడం. గోచీ పోసి కట్టడం. చేలో, చెరువులో, వంటింట్లో పని చేసేవాళ్ల మాటలు ఇవి. సైకిల్ వచ్చేనాటికే బట్టను సర్దుకునే విద్య మనవాళ్లకు ఉంది. ఆలిస్ బైగ్రేవ్ కప్పీలతో చేసిన పనిని మా తాతయ్య రెండు వేళ్లతో చేసేవారు.

పుచ్చలపల్లి సుందరయ్య గారి పేరు మీరు వినే ఉంటారు. పెద్ద కమ్యూనిస్టు నాయకుడు. పార్లమెంటు సభ్యుడిగా ఉన్నప్పుడు కూడా సైకిల్ మీదే పార్లమెంటుకు వెళ్లేవారు. మా ఇంట్లో సైకిల్ మాట వస్తే ఈయన పేరు తప్పకుండా వస్తుంది.

ఆడవాళ్లు ఎక్కినప్పుడు

ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఎగ్గట్టడం అంత తేలిక కాదు. మగవాడు పంచె మోకాళ్ల పైకి కట్టినా ఎవరూ ఏమీ అనరు. ఆడమనిషి చీర పిక్కల దాకా ఎత్తినా పది కళ్లు చూస్తాయి. హాట్‌బాయ్ హోటల్ ఇంగ్లండులోనే ఉందని అనుకోనక్కర్లేదు.

మన పక్క రాష్ట్రం తమిళనాడులో ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 1990ల మొదట్లో పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. అప్పటి కలెక్టర్ షీలారాణి చుంకత్ చదువుతోపాటు సైకిల్ నేర్పడం కూడా అందులో కలిపారు. వేలమంది పల్లెటూరి ఆడవాళ్లు నేర్చుకున్నారు. క్వారీల్లో రాళ్లు కొట్టేవాళ్లు, కూలీలు, అంగన్‌వాడీ వాళ్లు. జర్నలిస్టు పి. సాయినాథ్ దీని గురించి రాశారు. లేడీస్ సైకిళ్లు చాలక కొందరు మగవాళ్ల సైకిళ్లే కొన్నారు. బస్సు కోసం, మగవాళ్ల కోసం ఎదురుచూడకుండా నీళ్లు తెచ్చుకున్నారు, సరుకు అమ్ముకున్నారు. వాళ్లు బట్టలు మార్చుకుని సైకిల్ ఎక్కలేదు. ఉన్న బట్టలతోనే ఎక్కారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2010ల రెండో సగంలో ప్రభుత్వ బడుల్లో చదివే ఆడపిల్లలకు "బడికొస్తా" అనే పథకం కింద సైకిళ్లు ఇచ్చారు. హైస్కూలు దూరం అని చదువు మానేసే పిల్లలు మానకూడదని. ఆ పిల్లల యూనిఫాంలో చున్నీ ఉంటుంది. పొడవైన, వదులైన గుడ్డ, గాలికి ఎగిరే గుడ్డ. గొలుసుకంటే వెనక చక్రం దానికి ఎక్కువ ప్రమాదం.

గుడ్డ, చక్రం కలిస్తే ఏమవుతుందో ప్రపంచానికి తెలిసిన కథ ఒకటుంది. 1927 సెప్టెంబరు 14న ఫ్రాన్స్‌లో నీస్ నగరంలో ఇసడోరా డంకన్ అనే ప్రసిద్ధ నర్తకి కారెక్కింది. మెడలో పొడవైన పట్టు స్కార్ఫు. అది కారు చక్రంలో చుట్టుకుని ఆమె చనిపోయింది. మెడలోని గుడ్డ యంత్రంలో చిక్కుకుని అయ్యే గాయాలకు డాక్టర్లు ఇప్పటికీ ఆమె పేరు వాడతారు.

భారతదేశం ఈ విషయంలో ఒక మంచి పని చేసింది. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం ఉంది. మోటార్ సైకిల్‌కు వెనక కూర్చునేవాళ్ల కోసం పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు ఉండాలి. వాళ్ల బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే అడ్డు కూడా ఉండాలి. నియమంలో "బట్టలు" అనే ఉంది. బజారులో జనం దానికి పెట్టిన పేరు "శారీ గార్డు". చీర కట్టుకున్న మనిషిని ప్యాంటు వేసుకోమని చట్టం అనలేదు. బండి చేసేవాడికి చెప్పింది, నువ్వు అడ్డు పెట్టు అని. 1890ల ప్రశ్నకు ఇదొక స్పష్టమైన జవాబు. ఆ నియమం మోటారు బళ్లకు. మామూలు సైకిల్ కొనేటప్పుడు మనమే చూసుకోవాలి.

దార్సైట్‌లో కవరు ఎక్కడ పోయింది?

దార్సైట్ తెలియనివాళ్లకు: ఇది మస్కట్‌లో రూవి, మత్రా పక్కన ఉండే పేట. చుట్టూ రాతి కొండలు. కృష్ణుడి గుడి ఉంది, ఇండియన్ స్కూల్ ఉంది, లులు ఉంది. తెలుగు, మలయాళం, గుజరాతీ, బెంగాలీ ఒకే సందులో వినిపిస్తాయి. 1970 దాకా ఒమాన్ మొత్తంలో తారు రోడ్డు సుమారు పది కిలోమీటర్లే. ఆ తర్వాత రోడ్లు చాలా వేగంగా వచ్చాయి, రోడ్లతోపాటు కార్లు వచ్చాయి. అందుకని ఇక్కడ సైకిల్ రెండు రకాల మనుషులదే.

ఒక రకం పందెం సైకిల్. 2010 నుంచి "టూర్ ఆఫ్ ఒమాన్" అనే పెద్ద సైకిల్ పోటీ జరుగుతోంది. చాలాసార్లు అది మత్రా సముద్రతీరంలో ముగిసింది. ఆ సైకిళ్లకు కవరు లేదు, మడ్‌గార్డు లేదు. తొక్కేవాళ్ల బట్టలు ఒంటికి అతుక్కుని ఉంటాయి. చిక్కుకోవడానికి అక్కడ ఏమీ లేదు.

రెండో రకం పనివాళ్ల సైకిల్. పొద్దున్నే దుకాణం తెరవడానికి, సాయంత్రం సరుకు ఇవ్వడానికి వెళ్లేవాళ్లది. వాళ్ల ఒంటి మీద లుంగీ, వదులు ప్యాంటు, సల్వార్ కమీజ్. ఒమానీలు వేసుకునే దిష్‌దాషా కూడా చీలమండ దాకా ఉంటుంది. ఈ బట్టలన్నిటికీ కవరు కావాలి. కానీ ఇక్కడ దుకాణాల్లో ఎక్కువగా కనిపించేది గేర్ల సైకిల్, కొండలెక్కే సైకిల్ రూపంలో ఉండేది.

గేర్ల సైకిల్‌కు పూర్తి కవరు ఎందుకు ఉండదు? వెనక ఆరేడు పళ్ల చక్రాలు పక్కపక్కన ఉంటాయి. గేరు మార్చితే గొలుసు ఒకదానినుంచి ఇంకోదానిమీదికి పక్కకు జరుగుతుంది. జరిగే గొలుసును పెట్టెలో మూయలేం. 1937లో టూర్ ద ఫ్రాన్స్ పోటీ ఈ రకం గేర్లను ఒప్పుకుంది. తర్వాత పందెం సైకిల్ రూపమే అందరికీ ఫ్యాషన్ అయింది. పందెం బట్టలు అందరికీ లేవు, సైకిల్ మాత్రం వచ్చేసింది.

పోయిన శీతాకాలంలో మా అమ్మకు సైకిల్ కొందామని వెళ్లాం. అమ్మ చుడీదార్, చున్నీ వేసుకుంటుంది. గుడికీ కూరగాయలకూ కారు తీయడం ఎందుకు, మోకాళ్లకు కూడా మంచిది అని తన ఆలోచన. ఒక దుకాణంలో పది పన్నెండు సైకిళ్లు చూశాం. ఒక్కదానికీ కవరు లేదు. దుకాణాయన మర్యాదగానే హిందీలో అన్నాడు, "ఆంటీని ప్యాంటు వేసుకోమనండి" అని. అమ్మ నవ్వి ఊరుకుంది. బయటికి వచ్చాక "నేను సైకిల్ కొనడానికి వచ్చానా, బట్టలు కొనడానికి వచ్చానా?" అంది.

నేను నెల రోజులు చదివిన చరిత్ర అంతా అమ్మ ఒక్క ప్రశ్నలో అడిగింది. ఆ దుకాణాయన చెడ్డవాడు కాదు. ఆ సైకిల్ గీసినవాడి మనసులో చుడీదార్ లేదు, అంతే. కవరు ఉందా లేదా చూస్తే, చేసినవాళ్లు ఎవరికోసం చేశారో తెలిసిపోతుంది.

ఎలా ఎంచుకోవాలి?

మీరూ వెతుకుతుంటే నాకు అర్థమైనంత చెప్తాను.

పూర్తి కవరు: గొలుసు మొత్తం మూసి ఉంటుంది. పంచె, లుంగీ, చీర, దిష్‌దాషా, వదులు చుడీదార్, అన్నిటికీ ఇదే మంచిది. మస్కట్ దుమ్ముకు కూడా మంచిది, నూనెకు ఇసుక అంటుకోదు. ఒకే గేరు ఉన్న సైకిల్‌కు వస్తుంది. గేర్లు కావాలంటే వెనక చక్రం ఇరుసు లోపల దాగి ఉండే గేర్లు అడగండి. ఆ రకాన్ని స్టర్మీ-ఆర్చర్ కంపెనీ 1900ల మొదట్లోనే నాటింగ్‌హామ్‌లో చేసింది. అందులో గొలుసు పక్కకు జరగదు, కాబట్టి కవరు పెట్టవచ్చు.

సగం కవరు: గొలుసు పైవరుసనూ చైన్ వీల్ ముందుభాగాన్నీ కప్పుతుంది, హాకీ కర్ర ఆకారం. ప్యాంటుకు చాలు. చీర కుచ్చిళ్లకు చాలదు, అడుగునుంచీ లోపలివైపునుంచీ గుడ్డ పోవచ్చు.

గుండ్రటి పళ్లెం: చైన్ వీల్ బయటివైపు పళ్లకు అడ్డంగా ఉంటుంది. గేర్ల సైకిల్‌కు సాధారణంగా ఇదే దొరుకుతుంది. బిగుతు ప్యాంటుకు సరిపోతుంది. ఎగిరే గుడ్డను ఆపదు.

కాలి క్లిప్పు: సైకిల్‌కు కాదు, మనిషికి పెట్టేది. కుడికాలి ప్యాంటును చీలమండ దగ్గర పట్టి ఉంచుతుంది. చవక. మెరిసే పట్టీ అయితే రాత్రి కారువాళ్లకు కూడా కనిపిస్తుంది. లుంగీకి పనికిరాదు.

బెల్టు సైకిల్: గొలుసు బదులు రబ్బరు లాంటి పళ్ల బెల్టు. నూనె అక్కర్లేదు కాబట్టి మరక లేదు. గుడ్డ మాత్రం ఇందులోనూ చిక్కుకోవచ్చు. ధర ఎక్కువ.

ఏది కొన్నా మూడు చూడండి. ఒకటి, కవరును చేత్తో ఊపండి, గలగల అనకూడదు. రెండు, పెడల్ తిప్పి వినండి, గొలుసు రేకుకు రాసుకోకూడదు. మూడు, మీరు రోజూ వేసుకునే బట్టలతోనే దుకాణానికి వెళ్లి, వాటితోనే తొక్కి చూడండి. చున్నీ వేసుకుంటే వెనక చక్రానికి వల కూడా పెట్టించండి. చున్నీని ముందుకు తెచ్చి నడుము దగ్గర ముడి వేసుకోండి.

అమ్మకు చివరికి రూవిలో పాతది ఒకటి దొరికింది. ఒకే గేరు, ప్లాస్టిక్ పూర్తి కవరు. వెనక వల మేం వేరే కొని కట్టాం. చున్నీకి ముడి అమ్మే వేసుకుంటుంది. సైకిల్ కొంత మారింది, బట్ట కొంత సర్దుకుంది. మా తాతయ్య కూడా అంతే చేశారు కదా, కవరు ఉన్నా అంచు దోపుకునేవారు. కానీ బట్ట మొత్తం మార్చుకోమని అడిగే సైకిల్‌ను వదిలేయడం తప్పేమీ కాదని ఈ చరిత్ర చదివాక నాకు అనిపిస్తోంది.

ఈ వ్యాసంలో కొత్త మాటలు

అంచు: గుడ్డ చివరి భాగం. బల్ల అంచు, కత్తి అంచు అని కూడా అంటాం.

కుచ్చిళ్లు: చీర ముందుభాగంలో మడతలు మడతలుగా పెట్టి దోపేది.

దోపు: ఒక గుడ్డ చివరను నడుము దగ్గర లోపలికి పెట్టు. "కొంగు దోపుకుంది."

ఎగ్గట్టు: కట్టుకున్న బట్టను పైకెత్తి కట్టు. "పంచె ఎగ్గట్టి కాలవలో దిగాడు."

ఇరుసు: చక్రం మధ్యలో ఉండే కడ్డీ. బండి ఇరుసు, సైకిల్ ఇరుసు.

చువ్వలు: ఇరుసు నుంచి చక్రం అంచు దాకా ఉండే సన్నటి కడ్డీలు.

కప్పీ: తాడు నడిచే గాడి ఉన్న చిన్న చక్రం. బావి మీద చూస్తాం.

బిగుసుకొను: కదలకుండా గట్టిగా పట్టుకుపోవు. దీనికి వ్యతిరేకం "వదులవు".

సర్దుకొను: చోటుకు తగ్గట్టు మారు. సామాను సర్దుకుంటాం, మనుషులతోనూ సర్దుకుంటాం.

మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే వాళ్లు సైకిల్ ఎలా నేర్చుకున్నారో, అప్పుడు ఏం కట్టుకున్నారో తెలుగులోనే అడగండి. మా ఇంట్లో ఆ ఒక్క ప్రశ్నకు గంటసేపు జవాబు వచ్చింది.